పోలియోను వెనక్కి పిలిచే చిట్కాలు: బెజవాడ నుంచి బందరు దాకా

పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఓ చిన్నారికి 2011 జనవరి 13న కాలు పడిపోయింది. సహజ పోలియో వైరస్ మన దేశంలో చేసిన చివరి పని అది. మూడేళ్లు ఒక్క కేసూ లేకుండా గడిచాక, 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి ఆగ్నేయాసియా ప్రాంతం మొత్తానికీ పోలియో లేదని ధ్రువపత్రం ఇచ్చింది. అంతకు ఐదేళ్ల ముందు, 2009లో, ప్రపంచంలోని పోలియో కేసుల్లో దాదాపు సగం మనవే. ఆ ఒక్క ఏడాదిలో 741.

అంత కష్టపడి తరిమిన జబ్బును వెనక్కి రప్పించడం మన వల్ల అవుతుందా అని చాలామంది వెనకాడతారు. నిక్షేపంలా అవుతుంది. డబ్బు ఖర్చు లేదు. ఎవరితోనూ తగాదా పెట్టుకోనక్కర్లేదు. చేయాల్సిన పనుల్ని చేయకుండా ఉండటమే ఇందులో ఉన్న కష్టమంతా. వైరస్ ఇంకా అఫ్గానిస్థాన్‌లో, పాకిస్థాన్‌లో ప్రాణాలతో ఉంది. దారి మనం తెరిచి పెడితే చాలు. ఈ చిట్కాలు తల్లిదండ్రులకు, బూత్ సిబ్బందికి, సూపర్‌వైజర్లకు, డాక్టర్లకు, నాయకులకు అందరికీ పనికొస్తాయి. ఎవరి వాటా వాళ్లు తీసుకోండి.

1. పోలియో ఆదివారం నాడు తీరిగ్గా లేవండి.

బూత్ పొద్దున్నే తెరుస్తారు. మీరు తొమ్మిదింటికి లేవండి. టిఫిన్ చేసి, మార్కెట్‌కి వెళ్లి, వండుకుని తిని, ఓ కునుకు తీసి, చీకటి పడ్డాక గుర్తు తెచ్చుకోండి. "ఇంటికే వస్తారులే" అని సర్దుకోండి. మర్నాడు నిజంగానే వస్తారు. అప్పటికి సాకులు సిద్ధంగా పెట్టుకోండి. "పడిశం చేసిందమ్మా, రేపు రండి." "వాళ్ల నాన్నగారు ఊళ్లో లేరండి." "ఇప్పుడే నిద్రపోయాడు, లేపితే ఇల్లు పీకి పందిరేస్తాడు." అన్నింట్లోకీ బాగా పనిచేసేది "మొన్ననేగా వేశారు!" అన్నది.

నర్సమ్మ ఊరుకోదు. ఐదేళ్లలోపు ప్రతి బిడ్డకూ, ఎన్నిసార్లు వేయించినా సరే, నిన్న పుట్టిన బిడ్డయినా సరే, ఈసారి మళ్లీ రెండు చుక్కలు పడాలంటుంది. పడిశం, జ్వరం అడ్డు కాదంటుంది. ఆమె చెప్పేది నిజం. ఊళ్లో పిల్లలందరికీ ఒకేసారి చుక్కలు పడితే వైరస్‌కు బతకడానికి పేగు దొరకదు. అందుకే మీ ఇంట్లో ఒక పేగు ఖాళీగా ఉంచాలి. తలుపు ఓరగా తీసి మాట్లాడండి. పూర్తిగా తీస్తే ఆమె లోపలికి వచ్చి పనైపోయే దాకా కదలదు.

2. కార్డు పోగొట్టుకోండి.

పల్స్ పోలియో ఒక్కటే చాలదని, మామూలు టీకాలు కూడా వరసగా వేయించాలని ఆశా అక్క చెబుతుంది. పుట్టగానే చుక్కలు, తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు చుక్కలు, ఏడాదిన్నర ప్రాంతంలో మరోసారి. వీటితోపాటు ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల చేతికి పోలియో సూది. మొదటి మూడు విడతలూ బుద్ధిగా వేయించండి. లేకపోతే అనుమానం వస్తుంది. తొమ్మిదో నెల నుంచి జారుకోండి. బిడ్డ నడక నేర్చి, బొద్దుగా, చూడముచ్చటగా ఉండే రోజులవి. ఇంకా సూదులెందుకని ఇంట్లో పెద్దవాళ్లే మీ పక్షం వహిస్తారు.

కార్డు ఏదని అడిగితే, "2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు పోయిందండి" అనండి. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఆ మాటను కాదనే మనిషి ఉండరు. అసలు మీరు ఆ ఏడాది గుణదల కొండ మీద ఉన్నా సరే, అనండి. కార్డు మళ్లీ రాయించుకోవచ్చని, ఏ టీకా పడిందో తెలియకపోతే మిగిలినవి వేసేస్తారని మాత్రం విచారించకండి.

3. అపార్ట్‌మెంటులో ఉంటే ఇంకా సులువు.

వాచ్‌మన్‌కు ఒక్క మాట చెప్పి పెట్టండి: "ఎవరొచ్చినా పైకి పంపొద్దు." మీ పిల్లలు కార్పొరేట్ ఆసుపత్రిలో పుట్టారు, అక్కడే టీకాలు వేయించారు, ప్రభుత్వ మందు పేదవాళ్ల కోసం. ఈ మూడు వాక్యాలు లిఫ్ట్ దగ్గర నిలబడి నమ్మకంగా పలకాలి. ప్రైవేటులో వేయించిన సూది మీ బిడ్డ కాళ్లను కాపాడుతుంది. ఆ బిడ్డ పేగులో వైరస్ పెరగకుండా గట్టిగా అడ్డుకునేది నోట్లో వేసే చుక్క. అంటే మీ బిడ్డ నడుస్తూనే పనిమనిషి బిడ్డకు వైరస్ అందించగలడు. పటమట నుంచి రాణిగారితోట దాకా ఇంతకంటే చవకైన రవాణా లేదు.

4. ముందు వేలికి గుర్తు పెట్టండి. చుక్కల సంగతి తర్వాత చూద్దాం.

ఇది బూత్ సిబ్బందికి. చుక్కలు వేసిన బిడ్డకు ఎడమ చేతి చిటికెనవేలి మీద మార్కర్‌తో గీత పెడతారు. పిల్లాడు ఏడుస్తున్నాడు, నోరు తెరవడు, మందు ఉమ్మేశాడు, వరస పెద్దదిగా ఉంది. గీత పెట్టి పంపించేయండి. ఉమ్మేస్తే మళ్లీ వేయాలన్న నిబంధన మీకు గుర్తుంటే మరిచిపోండి. ఆ గీత చూసిన మొబైల్ టీం వాళ్లు గానీ, బస్టాండులో ట్రాన్సిట్ టీం వాళ్లు గానీ ఆ బిడ్డను ఇక ముట్టుకోరు. మీ చేతి గీత ఒక్కటే అందరి చేతులూ కట్టేస్తుంది. టాలీ షీటులో ఒక గీత, వేలి మీద ఒక గీత. లెక్క సరిపోయింది.

5. ఎక్స్ ఇళ్లను పీ ఇళ్లు చేయడం నేర్చుకోండి.

ఈ చిట్కాలన్నింట్లో ఒక్కదాన్నే పాటించగలిగితే దీన్ని పాటించండి.

ఇంటింటికీ తిరిగేటప్పుడు, ఆ ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలందరికీ చుక్కలు పడితే గోడ మీద సుద్దముక్కతో పీ అని రాస్తారు. ఎవరైనా మిగిలిపోతేనో, తాళం వేసి ఉంటేనో, వద్దంటేనో ఎక్స్ అని రాస్తారు. ఎక్స్ రాస్తే మళ్లీ వెళ్లాలి. సాయంత్రం వెళ్లాలి, మర్నాడు వెళ్లాలి, సూపర్‌వైజర్‌కు చెప్పాలి, ఊళ్లో పెద్దమనిషిని వెంటబెట్టుకుని బతిమాలాలి. దేశంలో పోలియో పోయిందంటే ఈ ఎక్స్ ఇళ్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగిన ఆడవాళ్ల వల్ల పోయింది. పేరుపేరునా బిడ్డను వెతికి, ఎక్స్‌ను పీగా మార్చే దాకా వదలకపోవడమే పోలియో మీద జరిగిన యుద్ధమంతా.

మీరు ఆ మార్పును అక్కడికక్కడే, సుద్దముక్కతోనే చేసేయండి. ఎక్స్ మీద అరచేత్తో ఒక్కసారి రుద్ది పీ రాస్తే సరి. క్రీస్తురాజపురం, మొగల్రాజపురం, విద్యాధరపురం కొండల్లో పని పడితే ఇంకా మంచిది. కింద మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోండి. పైన ఎన్ని ఇళ్లున్నాయో కిరాణా కొట్టు బాబాయ్‌ని అడగండి. ఆయన ఇరవై అంటే ఇరవై పీలు. ఎండాకాలం ఆ మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. మోకాళ్లు ఎవరికైనా విలువైనవే.

తాళం వేసిన ఇల్లు కనబడితే పక్కింటివాళ్లను అడగొద్దు. అడిగితే "పొలానికెళ్లారమ్మా, పొద్దుగూకి వస్తారు, ఇద్దరు పిల్లలున్నారు" అని ఉన్నదున్నట్టు చెప్పేస్తారు. తెలిశాక తెలియనట్టు ఉండటం కష్టం.

6. మందును ఎండకు అలవాటు చేయండి.

పోలియో చుక్కల మందు వేడికి తట్టుకోలేదు. టీకాలన్నింట్లో ఇది మరీ సుకుమారం. అందుకే జిల్లా స్టోరులో గడ్డకట్టించి ఉంచుతారు, ఆరోగ్య కేంద్రంలో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచుతారు, బూత్‌కు నాలుగు ఐస్ ప్యాకులు పెట్టిన వ్యాక్సిన్ క్యారియర్‌లో పంపుతారు. బెజవాడ ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. క్యారియర్ మూత తీసి పెట్టండి. మాటిమాటికీ తెరవడం విసుగు కదా. సీసాను ఐస్ ప్యాక్ మధ్య కాకుండా బల్ల మీద పెట్టుకోండి, చేతికందుతుంది. ఐస్ ప్యాకుల మధ్య మజ్జిగ ప్యాకెట్లు పెట్టుకోవడం కూడా ఆచారంలో ఉన్నదే.

సీసా మీద చిన్న గుండ్రటి గుర్తు ఉంటుంది. దాని మధ్యలో తెల్లటి చతురస్రం. వేడి తగిలే కొద్దీ ఆ చతురస్రం నల్లబడుతూ వస్తుంది. చుట్టూ ఉన్న రంగుతో సమానమైందంటే మందు పనికిరాదు, పారేయాలి. చదువు రానివాళ్లకు కూడా తెలిసేలా చేసిన ఏర్పాటు అది. సీసాను బొటనవేలితో అక్కడే పట్టుకోవడం అలవాటు చేసుకోండి. గుర్తు కనబడదు. బిడ్డ నోట్లో రెండు చుక్కలు పడతాయి, తల్లి దండం పెట్టి వెళ్తుంది, టాలీ షీటు నిండుతుంది. మందు ఒక్కటే ఉండదు.

7. మ్యాపులో లేనివాళ్లను మ్యాపులోకి ఎక్కించకండి.

ప్రతి ఆరోగ్య కేంద్రానికీ మైక్రోప్లాన్ ఉంటుంది. ఏ టీం ఏ వీధిలో మొదలై ఏ వీధిలో ముగించాలో అందులో రాసి ఉంటుంది. పోయినేడు కాగితాన్నే తీసి తేదీ మార్చండి. గంట పని మిగులుతుంది.

పోయినేడు కాగితంలో ఇటుక బట్టీ ఉండదు. సంక్రాంతికి ముందు ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగి, బట్టీ పక్కన రేకులు వేసుకుని, ఎండాకాలం అయ్యాక వెళ్లిపోతాయి. కైకలూరు, ముదినేపల్లి వైపు చేపల చెరువుల గట్ల మీద గుడిసెల్లో కాపలా కుటుంబాలుంటాయి. అమరావతిలో మేస్త్రీ పనులకు బిహార్ నుంచి, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లుంటారు. వాళ్లకు ఇక్కడ రేషన్ కార్డు లేదు, ఓటు లేదు, పిల్లలకు అంగన్‌వాడీ లేదు. సొంతూళ్లో టీకా వేసే రోజు వాళ్లు ఇక్కడ, ఇక్కడ వేసే రోజు వాళ్లు దారిలో. వైరస్ కోరుకునే బిడ్డ సరిగ్గా ఇలాగే ఉంటాడు. మన దేశంలో పోలియో చివరిదాకా వేలాడిన చోట్లలో ఇలాంటి వలస కుటుంబాలూ ఉన్నాయి. బిహార్ కోసీ నది లంకల్లో, ఉత్తరప్రదేశ్ ఇటుక బట్టీల్లో ప్రత్యేకంగా టీంలు పెట్టి వెతికితే గానీ అది వదల్లేదు.

కాబట్టి మేస్త్రీకి ఫోన్ చేయకండి. కాంట్రాక్టర్లకూ ఒక మాట: టీం వాళ్లు బట్టీకి వస్తే పని ఆగిపోతుందని చెప్పి గేటు దగ్గరే పంపించేయండి. పది నిమిషాల పని ఆగడం నష్టమే కదా. "మా దగ్గర పిల్లలు లేరండి" అనండి. వెనక మట్టిలో ఆడుకుంటున్నవాళ్లు మేస్త్రీ చుట్టాలు, చూడ్డానికొచ్చారు.

హౌరా నుంచి చెన్నై వెళ్లే పెద్ద రైలు మార్గం బెజవాడ మీదుగానే పోతుంది. కొల్లేటి చేప లారీ ఎక్కి బెంగాల్, అస్సాం దాకా వెళ్తుంది, అక్కడి మనుషులు ఇక్కడికి వస్తారు. స్టేషన్లో, నెహ్రూ బస్టాండులో ట్రాన్సిట్ బూత్ పెట్టేది అందుకే. దసరా రోజుల్లో దుర్గమ్మ కొండ కిందికి చేరే జనాన్ని తలుచుకోండి. ట్రాన్సిట్ టీంను ప్లాట్‌ఫాం మీద కాకుండా పార్సిల్ ఆఫీసు వెనక, నీడపట్టున కూర్చోబెట్టండి.

8. పంటు తప్పిపోనివ్వండి.

నాగాయలంక వైపు పనిచేసేవాళ్లకు. ఎదురుమొండి దీవికి పంటు మీద దాటాలి. మొదటి పంటు తప్పితే రెండోది వచ్చేదాకా టీ తాగుతూ కూర్చోవచ్చు, రెండోది తప్పితే క్యారియర్‌లో ఐస్ కరిగిందని వెనక్కి రావచ్చు. వేటకెళ్లిన ఇళ్లలో పిల్లలు తల్లులతో పాటు రేవులో ఉంటారు, ఇంటికి వెళ్లినా దొరకరు. దొరకరని ముందే తెలుసు గనక వెళ్లనవసరం లేదు.

9. సగం నిజం చెప్పండి.

పచ్చి అబద్ధం జనం పట్టేస్తారు. సగం నిజం ఊరూరా వాట్సాప్‌లో తిరుగుతుంది. మీకు కావాల్సిన సగం ఇది: చుక్కల మందులో బతికున్న వైరస్ ఉంటుంది, అరుదుగా అది మారి పోలియో తెస్తుంది. నిజమే. 2016లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటిలో టీకా నుంచి మారిన రెండో రకం వైరస్ దొరికింది. 2024 ఆగస్టులో మేఘాలయలో రెండేళ్ల బిడ్డకు టీకా వైరస్ నుంచే పోలియో వచ్చింది.

ఇక్కడ ఆపండి. మిగతా సగం నోట్లోనే ఉంచుకోండి. మందులో ఉండే వైరస్ బలహీనపరిచినది. ఊళ్లో చాలామంది పిల్లలు టీకా లేకుండా మిగిలిపోయినప్పుడు ఒక పేగు నుంచి ఇంకో పేగుకు నెలల తరబడి తిరిగి తిరిగి అది మళ్లీ బలం పుంజుకుంటుంది. అందరికీ చుక్కలు పడిన చోట దానికి ఆ తిరుగుడు కుదరదు. హైదరాబాద్‌లో ఏం చేశారంటే, ఒక్క బిడ్డకూ కాలు పడకముందే, జూన్ 20 నుంచి వారం రోజుల్లో సుమారు మూడు లక్షల మంది పిల్లలకు సూది మందు వేసేశారు. పోలియో కేసు ఒక్కటీ రాలేదు. రెండో రకం వైరస్‌ను అప్పటికే, 2016 ఏప్రిల్ 25న, దేశమంతటా చుక్కల మందులోంచి తీసేశారు కూడా. ఈ సంగతులు చెప్పారంటే విన్నవాళ్లు బిడ్డను ఎత్తుకుని బూత్‌కు పరిగెడతారు. మీ మెసేజ్ వృథా.

10. మశూచి పేరెత్తండి.

"మశూచి టీకా ఆపేశారుగా, ఇదీ ఆపేయొచ్చు" అనండి. మశూచి ప్రపంచంలో ఎక్కడా లేదని 1980లోనే ప్రకటించారన్నది దాటేయండి. మశూచి వస్తే ఒళ్లంతా పొక్కులతో అందరికీ కనబడేది, ఎవరికి వచ్చిందో వెతికి చుట్టూ టీకాలతో కంచె కట్టేవాళ్లు. పోలియో వైరస్ సోకిన రెండు వందల మందిలో ఒక్కరికి మాత్రమే కాలో చెయ్యో చచ్చుపడుతుంది. మిగతా నూట తొంభై తొమ్మిది మంది ఆడుతూ పాడుతూ వారాల తరబడి మలంలో వైరస్‌ను వదులుతుంటారు. మొదటి బిడ్డ కాలు పడే వేళకు వైరస్ ఊరంతా చుట్టేసి ఉంటుంది. మీ పని నిశ్శబ్దంగా సాగడానికి ప్రకృతే చేసిన ఏర్పాటు అది.

11. కాలువను నమ్ముకోండి.

వైరస్ మలంలో బయటికి వచ్చి, నీళ్లలో, చేతుల మీద, తిండిలో నోటికి చేరుతుంది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి నడిమధ్యన పోతాయి. బుడమేరు సింగ్‌నగర్‌ను ఒరుసుకుని వెళ్లి కొల్లేట్లో కలుస్తుంది. సెప్టిక్ ట్యాంకు గొట్టాన్ని కాలువలోకి తిప్పండి. మంచినీళ్ల పైపు మురుగు కాలువలోంచి పోతుంటే పోనివ్వండి, పగిలితే సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి. డెల్టాలో ఒకరి కాలువ చివర మరొకరి చెరువు ఉంటుంది. ఎక్కువ మాట్లాడాల్సిన చిట్కా కాదిది, ఎప్పట్నుంచో చేస్తున్నదే.

12. కాలు పడిన బిడ్డను దాచండి.

ఇది అన్నింటికంటే నేర్పుతో చేయాల్సిన పని. ఇన్ని చేసినా, ఒక్క చోట నిఘా సరిగ్గా పనిచేస్తే వైరస్ దొరికిపోతుంది. పదిహేనేళ్లలోపు ఏ బిడ్డకైనా ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుపడి వేలాడితే, కారణం ఏదైనా సరే, వెంటనే జిల్లా టీకాల అధికారికి చెప్పాలి. పోలియో అనుకుంటేనే చెప్పాలన్న నియమం లేదు, అనుకోకపోయినా చెప్పాలి. కాలు పడిన పద్నాలుగు రోజుల్లోపు, ఒక రోజు తేడాతో, రెండుసార్లు మలం తీయాలి. బొటనవేలంత చాలు. ఐస్‌లో పెట్టి ల్యాబ్‌కు పంపాలి. అరవై రోజుల తర్వాత మళ్లీ వెళ్లి బిడ్డ నడుస్తున్నాడో లేదో చూడాలి. ఏటా మన దేశంలో వేలమంది పిల్లలకు ఇలా పరీక్షలు జరుగుతాయి, పోలియో కాదని తేలుతుంది. కాదని తేల్చుకుంటూ ఉంటేనే దేశంలో పోలియో లేదన్న మాటకు విలువ. ఆ కాదు అన్న జవాబు మనకు అక్కర్లేదు గనక ఇలా చేయండి.

ఇంట్లోవాళ్లు: "జ్వరమొచ్చింది, సూది వేయించాం, సూది వికటించి కాలు పడిపోయింది" అని తీర్మానించుకోండి. సూది నరానికి తగిలి కాలు లాగేయడం కూడా ఉన్నదే, అందుకే అందరూ నమ్ముతారు. కానీ ఆ బిడ్డ మలం కూడా పరీక్షకు వెళ్లాల్సిందేనని ఎవరికీ తెలియదు. గాలి సోకిందనండి. పక్షవాతానికి పావురం నెత్తురు రాయాలని చెప్పే అమ్మమ్మ దగ్గరికి తీసుకెళ్లండి. రెండు వారాలు అక్కడ గడిస్తే చాలు, తర్వాత తీసిన మలంలో వైరస్ దొరికే ఆశ తగ్గుతూ పోతుంది.

ఊరి ఆర్‌ఎంపీ గారూ: మీ సూది మాట బయటికి వస్తే పరువు పోతుంది. "నరాల బలహీనత" అని బీ కాంప్లెక్స్ రాసి గుంటూరు పంపండి. గుంటూరు నుంచి బెజవాడ పంపుతారు, బెజవాడలో హైదరాబాద్ అంటారు. పద్నాలుగు రోజులు దారిలోనే కరిగిపోతాయి.

పెద్ద ఆసుపత్రి డాక్టర్లు: బిడ్డను ఐసీయూలో బాగా చూసుకోండి, జబ్బు పేరు ఇంగ్లీషులో చక్కగా రాయండి, ఫోన్ మాత్రం చేయకండి. ప్రతి వారం పంపాల్సిన కాగితంలో, కేసులున్నా లేకపోయినా, సున్నా వేయించండి. సున్నా వేయడానికి వార్డులోకి వెళ్లక్కర్లేదు, రికార్డు అసిస్టెంటు చాలు. నిఘా అధికారి వచ్చి అడ్మిషన్ రిజిస్టర్ అడిగితే, ఆడిట్‌కు వెళ్లిందనండి.

సూపర్‌వైజర్లు: కేసులు ఎక్కువగా చెప్పిన జిల్లా మంచి జిల్లా. వెతికే కళ్లున్నాయని అర్థం. దాన్ని తలకిందులు చేయండి. కేసు చెప్పిన ఏఎన్‌ఎంను మీటింగులో అందరి ముందూ నిలబెట్టి "నీ ఏరియాలోనే ఎందుకొచ్చింది?" అని అడగండి. ఆ తర్వాత ఐదేళ్లు మీ మండలంలో ఒక్క కాలూ పడదు, కాగితం మీద.

13. కాలిపర్లు వేసుకున్నవాళ్లను కంటికి కనబడనివ్వకండి.

నలభై దాటినవాళ్లలో ఇప్పటికీ ఊరికి ఒకరిద్దరున్నారు. మోకాలి మీద చెయ్యి ఆనించి అడుగు వేసేవాళ్లు, మూడు చక్రాల బండి మీద సెల్‌ఫోన్ రీఛార్జ్ షాపు నడిపేవాళ్లు, పెళ్లి సంబంధం కోసం ముప్ఫై ఏళ్లు ఎదురుచూసినవాళ్లు. కొత్త తల్లులు వాళ్లతో మాట్లాడితే మీ చిట్కాలన్నీ ఒక్క మధ్యాహ్నంలో కొట్టుకుపోతాయి. బూత్ ప్రారంభానికి వాళ్లను పిలవకండి, మంత్రిని పిలవండి.

ఆపరేషన్లు ఉన్నాయిగా అని ధైర్యం చెప్పండి. ఉన్నాయి. విశాఖపట్నంలో డాక్టర్ సుంకర ఆదినారాయణరావు పోలియో పిల్లల కాళ్లు సరిచేయడానికే జీవితమంతా పెట్టారు, 2022లో పద్మశ్రీ అందుకున్నారు. వంకర తీసి, నిలబడేలా చేసి, నేల మీద పాకే బిడ్డను కర్రతోనైనా నడిపించే పని అది. వెన్నులో చచ్చిపోయిన నరాల కణాలను బతికించే మందు గానీ, కత్తి గానీ ఇప్పటికీ ప్రపంచంలో లేదు. ఈ చివరి వాక్యం చెప్పకండి.

14. వచ్చాక ఏం చేయాలి.

పైవన్నీ పాటిస్తే వస్తుంది. ఒక పొద్దున జ్వరం తగ్గిన బిడ్డను తల్లి మంచం మీద నుంచి దింపితే కాలు నేలకు ఆనదు. కొన్ని గంటల్లో అయిపోయే పని. ఛాతీ కండరాలకు పాకితే ఊపిరి ఆడదు. చచ్చుపడిన పిల్లల్లో నూటికి ఐదు నుంచి పది మంది ఇలాగే పోతారు. అప్పుడు కంగారు పడకుండా వరసగా ఈ పనులు చేయండి.

ముందు, బయటి నుంచి వచ్చిందనండి. ఏ రాష్ట్రం పేరైనా సరే. బట్టీ కుటుంబాన్ని చూపించండి. వాళ్లకు చుక్కలు ఎందుకు వేయలేదని అడిగేవాళ్లు తక్కువ.

తర్వాత, ఆ వార్డు ఏఎన్‌ఎంను సస్పెండ్ చేయండి. రెండు వార్డుల పని ఒక్కతే చేస్తోందని, పక్క వార్డు పోస్టు చాన్నాళ్లుగా ఖాళీగా ఉందని ఫైలులో రాయకండి.

ఆ తర్వాత, నాలుగు ఊళ్ల పిల్లలకు చుక్కలు వేయించి ఫొటోలు తీయించండి. ఈసారి జనం తెల్లవారకముందే బూత్ దగ్గర నిలబడతారు. సీసాలు చాలవు. ఐస్ చాలదు. పడిశం చేసిందన్న తల్లి ఒక్కతీ ఉండదు.

చివరిగా ఆ బిడ్డ తల్లి వస్తుంది. "మా ఇంటికి ఎవరూ రాలేదండి" అంటుంది. వాదించకండి, కసురుకోకండి. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, రిజిస్టర్ తెరిచి వాళ్ల ఇంటి నంబరు చూపించండి. అక్కడ పీ అని ఉంటుంది, తేదీ ఉంటుంది, కింద మీ సంతకం ఉంటుంది. ఆ పేజీకి రెండు జిరాక్సులు తీసి ఒకటి కలెక్టరేటుకు పంపించి, రెండోది మీ దగ్గర భద్రంగా ఉంచుకోండి.